చివరివాడి పేరు

ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చేసిన పని ఒక్కటే, పళ్ళు లేనివాళ్ళకు పళ్ళు కట్టడం. ముందు గదిలో డాక్టరుగారు పేషెంటు నోటి కొలత తీసి లోపలికి పంపేవారు. ఆ కొలతలో తడి సుద్ద పోసి, గట్టిపడ్డాక ఊడదీస్తే దవడ బయటికొచ్చేది. దవడ మీద మైనం పరిచి, ఆ మైనంలో పళ్ళను ఒక్కొక్కటే నిలబెట్టడం ఆవిడ వంతు. పళ్ళు అట్టలకు అతికించి వచ్చేవి, చొక్కా గుండీల్లాగా. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద అరగదీసే మోటారు, గోడ అరల్లో నోళ్ళు తెరుచుకున్న సుద్ద దవడలు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ గది గుమ్మంలో ఒక్క క్షణం ఆగి గానీ లోపలికి అడుగుపెట్టేవాళ్ళు కాదు.

ఊళ్ళో అందరూ ఆవిడను పళ్ళ పిన్ని అనేవాళ్ళు. నిజానికి పిన్నీ అని పిలిచే హక్కు ఒక్క అక్క కూతురిదే. ఆ పిల్ల నర్సింగు చదవడానికి వచ్చి ఆవిడ రెండు గదుల ఇంట్లో చేరింది. సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా క్లినిక్‌కి వచ్చి, గుమ్మంలోంచే పిన్నీ అని కేకేసేది. ఆ పిలుపు అక్కడున్నవాళ్ళందరికీ అంటుకుంది. డెబ్బై ఏళ్ళ పెద్దమనుషులు కూడా నలభై ఏడేళ్ళ మనిషిని పట్టుకుని పిన్నీ అంటుంటే, మీ పిన్నికి ఎన్నేళ్ళుండాలో ముందు లెక్క చూసుకోండని ఆవిడ తల ఎత్తకుండానే అనేది.

పళ్ళు మైనంలో నిలబడ్డాక, అసలు పళ్ళసెట్టు పోసే ముందు, ఒకసారి పేషెంటు నోట్లో పెట్టి చూడాలి. చాలాచోట్ల బాగుందా అని అడిగి ఊరుకుంటారు. ఆవిడ ఊరుకునే రకం కాదు. బల్ల దగ్గరి నుంచి లేచి వచ్చి, పేషెంటుకు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, సూది అనండి, సీసా అనండి, సన్నజాజి అనండి అనేది. ఈల వినబడితే ముందుపళ్ళు వెనక్కి జరపాలి. వాన అనండి, వేణువు అనండి. కింది పెదవి పైపళ్ళ అంచును ఎక్కడ తాకుతోందో చూడాలి. ఆఖరి పరీక్ష మాత్రం ఎప్పుడూ ఒకటే, మీ పేరు చెప్పండి. సొంత పేరు సొంత నోట్లోంచి సాఫీగా వస్తే ఆ సెట్టుకు ఇక తిరుగులేదని ఆవిడ నమ్మకం. రాకపోతే పేషెంటు పరవాలేదన్నా, డాక్టరుగారు పరవాలేదన్నా, ఆవిడ మైనం మళ్ళీ కరిగించేది.

ఇంత కచ్చితమైన మనిషి ఆరుగురు కొరియా కుర్రాళ్ళ వెంట ఎలా పడిందంటే, తప్పంతా అక్క కూతురిదే.

సాయంత్రం పూట ఆ పిల్ల లోపలి గదిలో కూర్చుని పుస్తకం ఒళ్ళో, ఫోను బల్ల మీద పెట్టుకుని చదువుకునేది. ఫోనులో ఆ ఆరుగురూ పాడుతూ గెంతుతూ ఉండేవాళ్ళు. మొదట్లో ఆవిడ మోటారు ఆపి చూసి, అందరూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు కదే అంది. ఆ పిల్లకు ఒళ్ళు మండింది. ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా మాట్లాడలేదు. కానీ పళ్ళ పిన్ని పళ్ళ పిన్నే కదా. వారం తిరక్కుండా ఆరుగురినీ గుర్తుపట్టింది, అదీ ముఖాలను బట్టి కాదు. కోరపన్ను ముందుకొచ్చినవాడు, ముందుపళ్ళ మధ్య సందున్నవాడు, చిన్నప్పుడు తీగ కట్టించుకున్నవాడు, ఇలా. జుట్టుకు ఊదా రంగు వేసుకున్నా, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకున్నా, వాళ్ళలో ఒక్కడూ ఆవిడ దగ్గర తప్పించుకోలేకపోయాడు. ఆ పిల్ల స్నేహితురాళ్ళు ఇంటికొచ్చి మరీ పరీక్ష పెట్టి, ఓడిపోయి వెళ్ళేవాళ్ళు.

అందరికంటే ఆఖరున నిలబడేవాడు ఒకడు. ఇంట్లో వాడికి చివరివాడు అనే పేరు స్థిరపడింది.

ఒకనాడు ఏదో దేశంలో ఏదో బహుమతుల సభ. వేదిక మీద ఒకాయన చీటీ చూసి ఆరుగురి పేర్లూ చదువుతున్నాడు. ఐదు పేర్లు ఎలాగోలా గట్టెక్కించాడు. ఆరోదాని దగ్గర బండి ఆగిపోయింది. ఇంగ్లీషు స్పెల్లింగులో ఇ పక్కన ఓ ఉండేసరికి, ఇయో అని సాగదీసి, చివర ఏదో కలిపి వదిలేశాడు. చివరివాడు నవ్వి, నడుము వంచి దండం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

పిన్ని చేతిలో మైనపు కత్తి అలాగే ఉండిపోయింది. వెనక్కి తిప్పమంది. ఆ పిల్ల తిప్పింది. మళ్ళీ తిప్పమంది.

"ఆ నవ్వు చూడవే. పెదవులు కలిసే ఉన్నాయి. సెట్టు కుదరనివాళ్ళు అలా నవ్వుతారు."

"వాడి పళ్ళు భేషుగ్గా ఉన్నాయి పిన్నీ. నువ్వేగా చెప్పావు."

"కుదరనిది పళ్ళు కాదు. పేరు."

ఆ మాట అన్నాక ఆవిడ పాత వీడియోలన్నీ తిరగేయించింది. ఎక్కడ చూసినా అదే తంతు. వాడి పేరు వచ్చేసరికి పిలిచేవాడు తడబడడం, వీడు పెదవులు బిగించి నవ్వడం. ఆవిడకు ఇరవై రెండేళ్ళుగా తెలిసిన నవ్వు అది. పరవాలేదులెండి అనే నవ్వు. ఆ పరవాలేదు అనే మాట వింటేనే ఆవిడకు చేతులు దురద పెట్టేవి.

మరి అసలు పేరు ఎలా పలకాలని అడిగితే, ఆ పిల్ల కూడా ఇయో అనే అంది. కాకపోతే ఇంకొంచెం ముద్దుగా అంది. వాళ్ళ భాషలో ఎలా రాస్తారో చూపించమంది పిన్ని. ఆ పిల్ల చూపించింది. రెండే రెండు గళ్ళు. గడిలో గీతలు, పుల్లలు, కింద మరో గీత. ఒక్కో గడి చూస్తే చిన్న పెట్టెలో ముక్కలు సర్దినట్టుంది. అది చూడగానే పిన్ని ముఖం వెలిగిపోయింది. ఇది మన గుణింతం లాంటిదేనే, హల్లు ఉంది, పక్కన అచ్చు ఉంది, కింద ఒత్తు ఉంది, ఇంకేం కావాలి, ఒక్క పూటలో నేర్చుకోవచ్చంది.

ఆ ధీమాయే కొంప ముంచింది. కింద ఉన్నదాన్ని ఒత్తు అనుకుని పైదానికి కలిపి చదివేసింది. ఎక్కడ గుండ్రం కనబడినా సున్న అనుకుని ముక్కుతో పలికేసింది. ఆరుగురి పేర్లూ అలా చదివేసరికి, జలుబు చేసిన మనిషి మంత్రం చదువుతున్నట్టు వచ్చింది. ఆ పిల్ల నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. తరవాత ఇద్దరూ కలిసి ఫోనులో పాఠాలు వెతికారు. కింద ఉన్న అక్షరం ఒత్తు కాదు, అచ్చు పలికాక చివర వచ్చే పొల్లు. గుండ్రం కింద ఉంటేనే మన సున్న, పైన ఉంటే దానికి నోరే లేదు. ఆ రెండు ముడులూ విడిపోయాక మిగతాదంతా మైనం కరిగినట్టు కరిగిపోయింది.

ఆవిడ కాగితం మీద రాసి నేర్చుకోలేదు. గాజుపలక మీద మైనం పలచగా పోసి, వేడి కత్తితో అక్షరాలు కోసేది. పొద్దున క్లినిక్ తెరవక ముందు నాలుగు, మధ్యాహ్నం టీ తాగుతూ నాలుగు. ఒకరోజు అలాగే ఒక అక్షరం కోసి, చేతిలో తిప్పి చూసి, ఇదేమిటే, రెండు వేళ్ళున్న దవడపన్నులా ఉంది అంది. గుడిసె కప్పులా రెండు పుల్లలు ఆనుకున్న అక్షరం అది, స పలికేది. ఆ పిల్ల ఫోనులో చదువుతూ చదువుతూ ఆగిపోయింది. తరవాత నెమ్మదిగా చదివి వినిపించింది. దాదాపు ఆరువందల ఏళ్ళ కిందట ఒక రాజు ఈ అక్షరాలు చేయించాడట. హల్లులను నోటిని చూసి గీశారట. గొంతు మూసే అక్షరం నాలుక మొదలు పైకి లేచినట్టు, న అనే అక్షరం నాలుక కొన పైకి లేచినట్టు, మ నోరులా, గుండ్రం గొంతులా. స అక్షరం పన్ను బొమ్మట.

పిన్ని బల్ల దగ్గరి నుంచి లేచింది. ఆ మైనపు ముక్కను తీసుకెళ్ళి అరలో సుద్ద దవడల మధ్య నిలబెట్టింది. వెనక్కి నాలుగడుగులు వేసి చూసింది. మళ్ళీ దగ్గరికెళ్ళి సర్దింది. అప్పుడు వెనక్కి తిరిగి, ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేమే అంది, సొంత చుట్టాల కబురు ఆలస్యంగా తెలిసిన మనిషిలా.

ఆ నెలలోనే ఆ ఆరుగురూ అభిమానులతో వీడియోలో మాట్లాడతారని ప్రకటన వచ్చింది. కొత్త పాటల డిస్కు కొన్నవాళ్ళు పేరు రాసి పంపితే చీటీ తీస్తారు. పేరు వచ్చినవాళ్ళు ఎవరో ఒకరితో తొంభై సెకన్లు మాట్లాడొచ్చు. ఆ పిల్ల తన పేరుతో ఒకటి, పిన్ని పేరుతో ఒకటి పంపింది. రెండోది వట్టి పుణ్యానికి పంపింది. పిన్ని పేరు వచ్చింది. అదీ చివరివాడితో.

రెండు రోజులు ఇంట్లో గిన్నెలు మాత్రమే మాట్లాడాయి. మూడో రోజు ఆ పిల్ల నోరు విప్పింది. మూడేళ్ళ నుంచి నేను, మూడు నెలల నుంచి నువ్వు, ఇదేం న్యాయం పిన్నీ అంది. నా స్థానంలో నువ్వు కూర్చోవే అంటే కుదరదంది. గుర్తింపు కార్డు చూపించాలి, పక్కన ఇంకెవరు కనబడినా కాల్ ఆపేస్తారు. అయితే నువ్వు బల్ల కింద కూర్చో, వాడి గొంతు నువ్వు కూడా వినొచ్చు, ఏం మాట్లాడాలో నువ్వే నేర్పు అని పిన్ని బతిమాలింది. దాంతో అలక సగం తీరింది. మిగతా సగం వాడి పాటలు తీర్చాయి.

గడువు ఇరవై రోజులు. ఆ పిల్ల పాటల్లోంచి, పాఠాల్లోంచి ఏరి కొరియా భాషలో పన్నెండు వాక్యాలు రాసి గోడకు అంటించింది. మీ పాటలు నాకు ప్రాణం అని ఒకటి, ఆరోగ్యం జాగ్రత్త అని ఒకటి, మా దేశానికి ఎప్పుడొస్తారు అని ఒకటి. పిన్ని వాటి వంక చూసి తల ఊపింది. ఒక్కటీ బట్టీ పట్టలేదు. ఆవిడకు కావలసింది ఒకటే. వాడి పేరు వాడి ముందు సరిగ్గా అనాలి. అది వినగానే వాడు పెదవులు బిగించి నవ్వకూడదు. మిగతా ఎనభై తొమ్మిది సెకన్లు ఏమైనా ఆవిడకు పట్టదు.

"ఒక్క పేరు కోసం ఇరవై రోజులా?" అంది ఆ పిల్ల.

"సెట్టు నోట్లో పెట్టేది ఒక్క క్షణమే. కట్టేది ఎన్నాళ్ళే?"

వాడు తన పేరు తాను చెప్పుకునే వీడియోలు ఎన్ని ఉంటే అన్నీ విన్నది. చెవికి వస్తోంది, నోటికి రావడం లేదు. అప్పుడు ఆవిడకు ఒక ఆలోచన తట్టింది. తన నోటికే కొలత తీసుకుని సుద్ద పోసింది. ఆ అచ్చు మీద, పళ్ళు లేకుండా, ఒట్టి అంగిలికి సరిపడా గులాబీ రంగు రేకు ఒకటి పలచగా చేసింది. దాని మీద తెల్ల పౌడరు చల్లి, జాగ్రత్తగా నోట్లో అమర్చుకుని, ఒక్క అక్షరం పలికి, బయటికి తీసి చూసింది. నాలుక తాకినచోట పౌడరు చెరిగిపోయి గులాబీ రంగు బయటపడింది. న అంటే ముందు అంచంతా గుర్రపు లాడంలా చెరిగింది. ణ అంటే ఆ మచ్చ నడిమికి జరిగింది. గొంతు అక్షరానికి వెనక అంచు మాత్రమే తడిసింది. మైనంలో కోసిన అక్షరాన్ని పక్కన పెట్టి చూస్తే, నాలుక ఎక్కడ లేవాలో అక్షరంలో ఉంది, ఎక్కడ లేచిందో రేకు మీద ఉంది. ఆవిడ ఆ సాయంత్రం తెలుగు అక్షరాలన్నీ క నుంచి హ దాకా పలికి చూసుకుంది. ప్రతిదానికీ ఆ పిల్లను పిలిచి, ఇది చూడు, ఇది చూడు అంటూ పౌడరు డబ్బా ఖాళీ చేసింది.

డాక్టరుగారు లోపలికి వచ్చింది సరిగ్గా ఆ సమయంలోనే. ఏదో సెట్టు గురించి అడిగారు. నోట్లో రేకుతో ఆవిడ ఏదో చెప్పింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గడ్డం మీద పౌడరు, బల్ల మీద వింత అక్షరాలు చూసి, పళ్ళన్నీ ఉండగా సెట్టెందుకమ్మా నీకు అన్నారు. ఆవిడ రేకు తీసి, సిగ్గు పడుతూనే సంగతంతా చెప్పింది. ఆయన నవ్వలేదు. రేకును వెలుతురులోకి ఎత్తి తిప్పి తిప్పి చూశారు. బయట కుర్చీలో లెక్కల మాస్టారు ఉన్నారు, దీన్ని ఆయన మీద ఎందుకు ప్రయోగించకూడదు అన్నారు.

లెక్కల మాస్టారిది పెద్ద కథ. ఆయన మైనపు సెట్టు మూడు వారాలుగా కుదరడం లేదు. సూది అన్నా సీసా అన్నా ఈలే. వచ్చిన ప్రతిసారీ, నా నోట్లో కుక్కరు పెట్టావా అమ్మాయ్ అనేవారు. ఆ రోజు ఆయన అంగిలి మీద పౌడరు చల్లి స అనిపిస్తే, నాలుక దారి నడిమిలో కాకుండా ఎడమ పక్కకు పోతోందని తెలిసింది. పిన్ని ఆ పక్కన గోరంత మైనం పెంచింది. ఈల పోయింది. మాస్టారు సూది, సీసా, సన్నజాజి అని మూడుసార్లు అనుకుని, ఈ విద్య ఎక్కడిదమ్మాయ్ అని అడిగారు. కొరియా పాటగాడి పేరు కోసం కనిపెట్టానని ఆవిడ చెప్పేసింది. ఆయన, ఈ వయసులో నీకిదేం పిచ్చి అన్నారు. ఈ వయసులో మీకు కొత్త పళ్ళెందుకండీ మరి అందావిడ. మాస్టారు కొత్త పళ్ళతోనే పకపకా నవ్వారు.

ఇక మిగిలింది ఊపిరి. పేరు మొదట్లో ఉన్న ఆ గొంతు అక్షరం కకూ గకూ కాకుండా మధ్యలో ఎక్కడో ఉంది. మూడింటికీ నాలుక ఒకచోటే తాకుతుంది కాబట్టి రేకు దాన్ని పట్టుకోలేదు. దానికి నోటి అద్దం పనికొచ్చింది. గ అంటే అద్దం శుభ్రంగా ఉంటుంది, ఖ అంటే మొత్తం మసకబారుతుంది. వాడి అక్షరానికి చిన్న మబ్బు చాలు. బస్టాపులో, మెట్లమీద, కూరగాయలు తరుగుతూ, ఎక్కడ పడితే అక్కడ ఆవిడ అద్దం నోటి ముందు పెట్టుకుని అదే పేరు అంటూ ఉండేది. ఇరవయ్యో రోజుకు రేకు సరే అంది, అద్దం సరే అంది. అక్క కూతురు కళ్ళు మూసుకుని విని, వాడే అన్నట్టుంది పిన్నీ అంది.

కాల్ మధ్యాహ్నం మూడింటికి. ఇంట్లో నెట్ సరిగ్గా ఉండదని క్లినిక్ లోపలి గదిలోనే ఏర్పాటు చేసుకున్నారు. డాక్టరుగారు తలుపు దగ్గరికి వేసి, మోటారు స్విచ్చి ఆయనే ఆపి వెళ్ళారు. సుద్ద డబ్బాకు ఫోను ఆనించారు. ఆ పిల్ల పన్నెండు వాక్యాల కాగితంతో బల్ల కిందికి దూరింది. పిన్ని ఉతికిన ఏప్రన్ వేసుకుంది. మంచినీళ్ళు తాగింది. మళ్ళీ తాగింది. ఇక తాగకు, మధ్యలో లేవాల్సొస్తుందని బల్ల కింది నుంచి మందలింపు వచ్చింది.

మూడు దాటి పన్నెండు నిమిషాలకు తెర వెలిగింది. ఎవరో అమ్మాయి కార్డు చూపించమంది, వేలితో ఆగమంది. తెర ఒకసారి ఆరి వెలిగేసరికి చివరివాడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఫోనులో ఇన్నాళ్ళూ అరచేతిలో ఇమిడినవాడు, ఇప్పుడు ఆవిడనే చూస్తూ చెయ్యి ఊపుతున్నాడు. మూలన అంకెలు తగ్గుతున్నాయి.

ఆవిడ ఊపిరి తీసుకుని వాడి పేరు అంది.

వాడు నవ్వాడు. పెదవులు కలిపి, తల కొంచెం వంచి. పరవాలేదులెండి అనే నవ్వు.

బల్ల కింద నుంచి ఏప్రన్ అంచు లాగుతూ ఆ పిల్ల కాగితం పైకి అందిస్తోంది. వాడు ఏదో అడుగుతున్నాడు, బహుశా బాగున్నారా అని. ఎనభై ఒకటి, ఎనభై. ఆవిడ ఆ కాగితాన్ని మోకాలితో పక్కకు నెట్టింది. స్టూలు ముందుకు లాక్కుంది. ఇరవై రెండేళ్ళుగా కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషితో మాట్లాడినట్టే, తెలుగులోనే, తొణక్కుండా మాట్లాడింది.

"నువ్వు అను బాబూ. నీ పేరు నువ్వు అను."

అంటూ వేలితో వాడి వైపు చూపించి, ఆ వేలిని తన పెదవుల దగ్గరికి తెచ్చింది. ఆ సైగ అర్థం కాని పేషెంటు ఆవిడకు ఇంతవరకూ తగల్లేదు. వాడు ఒక్క క్షణం తికమకపడి, తన పేరు తాను అన్నాడు.

"మళ్ళీ."

మళ్ళీ అన్నాడు. ఆవిడ ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి వంగింది. వీడియోల్లో ఎప్పుడూ వాడి గడ్డానికి మైకు అడ్డం ఉండేది. ఇప్పుడు లేదు. నాలుక ఆవిడ పెట్టినచోటే పెట్టాడు, ఊపిరి అంతే వదిలాడు. కానీ మొదటి గడి మధ్యలో దవడ కిందికి దిగింది. పెదవులు గుండ్రం చుట్టలేదు, ఊరికే వదిలేశాడు. ఆవిడ మన ఒ అనుకుని పెదవులు చుట్టి, దవడ బిగించి కూర్చుంది. రేకు దవడను చూడలేదు, అద్దం కూడా చూడలేదు. రోజూ పైదవడకూ కిందిదవడకూ మధ్య ఎంత ఎడముండాలో కొలిచే మనిషి, తన దవడ సంగతి మరచిపోయింది.

యాభై మూడు. ఆవిడ బొటనవేలు తన గడ్డం మీద పెట్టుకుని, పేషెంట్లకు చూపించినట్టే, కిందికి కొలిచినట్టు దింపింది. పెదవులు వదిలేసింది. వాడి పేరు అంది.

వాడు నవ్వలేదు. తలెత్తి చూశాడు. గుంపులో నడిచిపోతుంటే వెనక నుంచి ఇంటివాళ్ళెవరో పిలిస్తే తిరిగి చూస్తాం చూడండి, అలా చూశాడు. చూసి, ఏదో అన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. బల్ల కింద నుంచి, మళ్ళీ అనమంటున్నాడు పిన్నీ, ఇంకోసారి అనమంటున్నాడు అని వినబడింది. ఎవరో దాక్కున్నారని వాడికీ వినబడే ఉంటుంది. పట్టించుకోలేదు.

ఆవిడ మళ్ళీ అంది. వాడు కుర్చీలో వెనక్కి వాలి, నోరంతా తెరిచి నవ్వాడు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ నవ్వు మధ్యలోనే తన గడ్డం మీద బొటనవేలు పెట్టుకుని, ఆవిడ చేసినట్టే కిందికి దింపి చూపించి, తల ఊపాడు. అదే, అదే అన్నట్టు. ఆ తరవాత మిగిలిన సెకన్లలో ఇద్దరూ చేసిన పని అదొక్కటే. ఆవిడ వాడి పేరు అనేది, వాడు ఊఁ అని పలికేవాడు. ఐదుసార్లో ఆరుసార్లో. ఆఖరిసారి వాడు ఊఁ అంటుండగానే తెర నల్లబడింది.

అక్క కూతురు బల్ల కింద నుంచి జుట్టంతా సుద్దతో బయటికొచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. ఒక్క వాక్యమైనా అనలేదు కదా పిన్నీ, పన్నెండు రాశాను కదా అని వీపు మీద గుద్దింది. ఒక గుద్దు గుద్ది కావలించుకుంది. తలుపు అవతల నుంచి లెక్కల మాస్టారు, అయిందా అమ్మాయ్, నా సెట్టు ఇస్తావా అని అడుగుతున్నారు. పిన్ని వినిపించుకునే స్థితిలో లేదు.

ఆ పిల్ల గడ్డం పట్టుకుని, బొటనవేలు కింద ఆనించి, వాడి పేరు అనవే అంది. ఆ పిల్ల అంది. దవడ దించు. మళ్ళీ అంది. పెదవులు చుట్టకు, వదిలెయ్. మళ్ళీ అంది. మాస్టారు తలుపు కొడుతూనే ఉన్నారు. ఆ పిల్ల పదిసార్లు అంది. పదకొండోసారి సాఫీగా అన్నాక పిన్ని చెయ్యి తీసేసింది.